ఫోన్లో చూస్తే రాని నవ్వు అక్కావాళ్లింట్లో ఎలా వచ్చింది?

తెనాలి తమ్ముడు:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి. ఆపరేషనై మంచాన పడ్డవాడికి టైపు చేయడం తప్ప వేరే పనేముంటుంది.

నాకు 41 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం, నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. 18 రోజుల కింద కుడి గజ్జల్లో హెర్నియాకి కోసి, లోపల మెష్ (వలలాంటి ముక్క) పెట్టి కుట్టారు. మర్నాడే ఇంటికి పంపేశారు. వెళ్లేటప్పుడు నర్సమ్మ వేళ్లు మడిచి మూడు చెప్పింది: బరువులెత్తొద్దు, బాత్రూంలో ముక్కొద్దు, దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండు పొట్టకి గట్టిగా అదుముకోవాలి. నవ్వు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. బహుశా నా మొహం చూసి ఆ ప్రమాదం లేదనుకుందేమో.

మా ఆవిడ టీచరు. పొద్దున ఏడున్నరకి పాపని తీసుకుని వెళ్తే మళ్లీ సాయంత్రం అయిదుకే. పగలంతా ఇంట్లో నేను, ఫోను, ఫ్యాను. నవ్వితే నొప్పి తగ్గుద్దని ఎక్కడో చదివి, దాన్నే వైద్యం అనుకుని మొదలెట్టా. బ్రహ్మానందం బిట్లు, కోట-బాబూమోహన్ జోడీ, ఇంకా వెనక్కెళ్లి సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు. రోజుకి మూడు గంటలకి తగ్గకుండా ఎనిమిది రోజులు చూశా. నమ్మండి, ఒక్కసారి కూడా పైకి నవ్వలేదు. ముక్కులోంచి ‘హుఁ’ అని గాలి వదలడం, బొటనవేలితో పైకి తోసెయ్యడం, ఇంకోటి. సాయంత్రానికి తల దిమ్ము, కళ్లు మంట. నొప్పి ఎక్కడున్నది అక్కడే ఉంది. రాత్రి మాత్ర పడాల్సిందే.

నా వాలకం చూడలేక మా ఆవిడ తొమ్మిదో రోజు రైలెక్కించి తెనాలి మా అక్క దగ్గరికి పంపేసింది.

మొన్న ఆదివారం రాత్రి. అన్నాలయ్యాక హాల్లో చాపలేసుకుని అక్క, బావ, మేనల్లుళ్లిద్దరు, మా అక్కావాళ్ల అత్తగారు. ఆవిడకి 84, చెవులు సరిగ్గా వినపడవు. టీవీలో కోట-బాబూమోహన్ సీను వచ్చింది. నేను కూకట్‌పల్లిలో కనీసం నాలుగుసార్లు చూసిందే అది. బావ డైలాగు ముందే చెప్పబోయి తప్పు చెప్పాడు. పెద్దావిడేమో ‘ఏవన్నాడ్రా? ఏవన్నాడు?’ అని అడగడం, చిన్నోడు చెవిలో అరిచి చెప్పడం. దాంతో ఆవిడ నవ్వు అరనిమిషం ఆలస్యం. మేమంతా నవ్వి ఊరుకున్నాక ఆవిడకి అందుద్ది. అప్పుడు ఒక్కతే, నోట్లో ఒక్క పన్ను లేదు, చప్పుడు లేకుండా భుజాలు ఎగిరెగిరి పడుతూ నవ్వుతోంది. ఆవిణ్ణి చూసి మేం మళ్లీ మొదలు. మళ్లీ ‘ఎందుకు నవ్వుతున్నార్రా?’ అని ఆవిడ. నాకు దిండు కావాలి. చూస్తే పెద్దోడు దాని మీద పడుకుని దొర్లుతున్నాడు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని ‘ఆపండ్రా, కుట్లు ఊడతాయిరా’ అని కళ్లెమ్మట నీళ్లు కారుతుండగా నవ్వా.

కుట్ల దగ్గర లాగిన మాట నిజం. కానీ పడుకునేటప్పుడు మాత్ర గుర్తుకే రాలేదు. కళ్లు తెరిచేసరికి పొద్దున ఆరున్నర, వీధిలో పాలబండి. ఆపరేషనైన తర్వాత అంత నిద్ర పట్టడం అదే మొదలు.

అదే సీను, అదే మనిషి, అదే పొట్ట. మరి తేడా ఎక్కడ? కామెడీ చూస్తే ఒంటికి మంచిదన్న మాట నిజమేనా, లేక అక్క వండిన గుత్తి వంకాయ మహిమా? తెలిసినవాళ్లు చెప్పండి. ‘పాజిటివ్‌గా ఉండండి బ్రో’ టైపు వాళ్లు దయచేసి దాటెయ్యండి.

అర్ధరాత్రి ఇడ్లీ:

పాజిటివ్‌గా ఉండండి బ్రో.

విశాఖ ఫిజియో:

నేను ఫిజియోథెరపిస్టునండి, 14 ఏళ్లుగా ఇదే పని. మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. కూకట్‌పల్లిలో మీరు కామెడీ చూశారు. తెనాలిలో నవ్వారు. ఒంటికి సంబంధించినంతవరకు ఆ రెండూ వేర్వేరు.

జోకు తగిలిన క్షణంలో మెదడుకి చిన్న మిఠాయిలాంటిది దొరుకుతుంది. అది ఒంటరిగా ఉన్నా దొరుకుతుంది, అందుకే బొటనవేలు ఆగదు. కానీ ‘హుఁ’ దగ్గర ఒళ్లు కదలదు కదా. అసలు నవ్వులో జరిగేది చూడండి. నవ్వంతా బయటికి వదిలే ఊపిరే. పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు, ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రమ్ అనే కండరం కలిసి గాలిని ముక్కలు ముక్కలుగా బయటికి నెడతాయి. ఒక ‘హ’కి ఇంకో ‘హ’కి మధ్య సెకనులో అయిదో వంతు. పీల్చుకునే సందు దొరకదు. మామూలుగా ఊపిరి వదిలాక లోపల మిగిలే గాలి కూడా చాలావరకు పోతుంది. ‘అమ్మో, ఊపిరాడట్లేదు’ అంటామే, అది అబద్ధం కాదు. గుండె కాసేపు వేగంగా కొట్టుకుని, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. కండరాలు కూడా వదులవుతాయి. నవ్వుతున్నప్పుడు కాలి కండరంలో ఒక రిఫ్లెక్స్, అంటే దానంతటదే బిగుసుకునే గుణం, బాగా తగ్గిపోతుందని నెదర్లాండ్స్ వాళ్లు 1999లో కొలిచి చూపించారు. నవ్వి నవ్వి కూలబడిపోయాం అని మనవాళ్లు ఊరికే అనరు.

ఇక నొప్పి సంగతి. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ అనే ఆయన బృందం దీని మీద వరసగా ప్రయోగాలు చేసి 2011లో ప్రచురించింది. మనుషుల్ని కూర్చోబెట్టి వీడియోలు చూపించడం, ముందూ తర్వాతా నొప్పికి ఎంతసేపు ఓర్చుకుంటారో చూడడం. కొన్నింటిలో ఫ్రీజర్‌లో పెట్టిన సీసా తొడుగు చేతికి చుట్టారు, కొన్నింటిలో బీపీ పట్టీ బిగించారు. కామెడీ చూసి నవ్వినవాళ్లు ఎక్కువసేపు ఓర్చుకున్నారు. ఇక్కడ అసలు కిటుకు ఏంటంటే, అడవులూ జంతువులూ ఉన్న అందమైన వీడియో చూసి మనసు హాయిగా అయినవాళ్లలో మాత్రం ఓర్పు పెరగలేదు. హాయి ఒక్కటే చాలదు, ఒళ్లు ఊగాలి. ఊపిరిని అలా పిండెయ్యడం వల్లే ఎండార్ఫిన్లు విడుదలవుతాయని వాళ్ల లెక్క. మన ఒంట్లోనే తయారయ్యే నొప్పి మాత్రలు అనుకోండి.

2017లో ఫిన్లాండ్‌లోని టుర్కులో ఇంకాస్త లోపలికెళ్లారు. దగ్గరి స్నేహితులతో కలిసి అరగంట కామెడీ చూసి నవ్వించాక మెదడు స్కాన్ తీస్తే, నొప్పినీ హాయినీ నడిపే చోట్ల ఆ ఎండార్ఫిన్ల సరుకు విడుదలైనట్టు కనపడింది. ఒంటరిగా కూర్చున్న అరగంట తర్వాత తీసిన స్కాన్‌తో పోల్చి చూశారు.

గుత్తి వంకాయని నేను తక్కువ చేయను. కానీ మీ పెద్దావిడ పాత్ర ఎక్కువ.

ఒక మాట. ఆ దిండు ఇంకెవరికీ ఇవ్వకండి. మంచం పక్కన ఒకటి, హాల్లో ఒకటి పెట్టుకోండి. నవ్వుకి పొట్ట లోపల ఒత్తిడి దగ్గులాగే పెరుగుతుంది. కోసిన చోట ఉబ్బు కనపడినా, నొప్పి రోజురోజుకీ ఎక్కువవుతున్నా మీ సర్జన్‌కి చూపించాలి, ఇక్కడ అడిగితే లాభం లేదు. ఇది చదివే ఆడవాళ్లకి కూడా చెప్తున్నా: కాన్పుల తర్వాత నవ్వితే చుక్క చుక్క మూత్రం పడుతుందని నవ్వడమే మానేసినవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు. పదేళ్లు దాచుకుని వస్తారు. దానికి వ్యాయామాలున్నాయమ్మా, సిగ్గుపడకండి.

మాత్రలమ్మే మూర్తి:

ఫిజియో మేడమ్ చెప్పినదాంతో గొడవ లేదు, కానీ కొంచెం చల్లనీళ్లు చల్లాలి. టుర్కు స్కాన్లలో ఉన్నది మొత్తం 12 మంది మగాళ్లు. ఇంకోటి తరచూ వాట్సాప్‌లో తిరుగుతుంది చూడండి, నవ్వితే రక్తనాళాలు విచ్చుకుంటాయని. అది 2005లో అమెరికాలో మేరీల్యాండ్ వాళ్లది, 20 మంది మీద చేశారు. కామెడీ చూశాక చేతి రక్తనాళంలో ప్రవాహం సగటున 22 శాతం పెరిగింది, యుద్ధం సినిమా చూశాక 35 శాతం తగ్గింది. మంచి సంగతే. కానీ ‘నవ్వితే గుండెపోటు రాదు’ అని దానికి తోక తగిలించేది మనోళ్లు.

ఈ నవ్వు వైద్యానికి మూలపురుషుడు నార్మన్ కజిన్స్ అనే పత్రికా సంపాదకుడు. 1964లో కీళ్లు బిగుసుకుపోయి మంచాన పడ్డాడు. ప్రొజెక్టరు తెప్పించుకుని కామెడీ సినిమాలు వేసుకుని, పది నిమిషాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వితే రెండు గంటలు నొప్పి లేని నిద్ర పట్టేదని రాశాడు. 1976లో పెద్ద వైద్య పత్రికలోనే అచ్చయింది. అంతవరకు అందరూ చెప్తారు. ఆయన అదే సమయంలో విటమిన్ సి భారీగా ఎక్కించుకున్నాడనీ, ఆస్పత్రి మంచం వదిలి హోటల్ గదికి మారిపోయాడనీ చెప్పరు. ఆస్పత్రి మంచం మీంచి హోటల్ గదికి మారిస్తే నాకైనా సగం తగ్గుద్ది.

మీ విషయంలో కూడా అంతే తమ్ముడూ. కూకట్‌పల్లిలో ఉన్నది రెండో రోజు నుంచి తొమ్మిదో రోజు. తెనాలిలో నవ్వింది దాదాపు పదిహేనో రోజు. పుండు మానే టైమే అది. నవ్వకపోయినా తగ్గేదేమో.

రిటైర్డ్ తెలుగు పంతులు:

భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వుని ఆరు రకాలు చేశాడు నాయనా. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండూ ఉత్తములకి, నడిమివి మధ్యములకి, చివరి రెండూ అధములకి. పళ్లు కనపడకుండా చెంపలు కాస్త విప్పారితే స్మితం. కళ్లమ్మట నీళ్లు, భుజాలూ తలా ఊగడం, డొక్కలు పట్టుకోవడం, ఇవన్నీ అధముల ఖాతా. మీ ఇంట్లో ఆదివారం జరిగింది నిఖార్సైన అధమహాసం. మీ ముక్కు ‘హుఁ’కి మాత్రం ఆ మహానుభావుడు పేరు పెట్టలేదు.

నేను 33 ఏళ్లు బళ్లో ‘నవ్వు నాలుగు విధాల చేటు’ అని సామెతకి అర్థం రాయించి, చివరి బెంచీలో కిసుక్కుమన్నవాణ్ణి బయట నిలబెట్టినవాణ్ణి. ఫిజియో గారి లెక్కన నేను పిల్లలకి మందు దక్కకుండా చేశానన్నమాట.

కరీంనగర్ పిలగాడు:

అన్నా, నాది జర వేరే ముచ్చట. పోయినేడు మా బాపు పోయిండు. నెల దినాలు నిద్ర లేదు. దోస్తులు అందరు ‘కామెడీ వీడియోలు చూడురా, మనసు నిమ్మళమైతది’ అని పంపుడే పంపుడు. చూస్తుంటి, నవ్వొస్తలేదు. పైకెళ్లి, గింత మంచి కామెడీకి కూడ నవ్వొస్తలేదంటే నాకేమన్న అయిందా అని ఇంకో రంది మొదలైంది.

పదకొండోనాడు రాత్రి చుట్టాలందరు పోయినంక మేము అన్నదమ్ములం, మా చిన్నాయిన, మా అవ్వ కూసున్నం. మా బాపు ఒకపారి కొత్త లూనా కొని, ఆపుడు తెల్వక ఊరి సుట్టు పెట్రోలు అయిపోయేదాక తిరిగిండు. ఆ ముచ్చట మా చిన్నాయిన ఎత్తుకున్నడు. మా అవ్వ ‘నేను చెంబుతోని నీళ్లు పట్టుకొని ఎనుక ఉరికిన’ అన్నది. గంతే. అందరం ఏడుసుకుంట నవ్వినం. గా ఒక్క రాత్రి మాత్రం నేను పండుకున్న.

గది కామెడీ కాదు కద. జోకు సుత లేదు. అందుకే అడుగుతున్న, వీడియో వల్లనా, మనుషుల వల్లనా?

విశాఖ ఫిజియో:

మీ బాపు గారి లూనా ముచ్చట చదివి నేనూ అదే పని చేశాను తమ్ముడూ, నవ్వూ ఏడుపూ రెండూ.

మనుషుల వల్లనే. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త జనం మామూలుగా మాట్లాడుకునే చోట్ల కాపుకాసి 1,200 నవ్వుల్ని రాసుకున్నారు. జోకులాంటి మాటకి వచ్చిన నవ్వు వాటిలో పది నుంచి ఇరవై శాతం మాత్రమే. మిగతావన్నీ ‘సరే, నే వస్తా మరి’ లాంటి చప్పిడి మాటలకే. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో మనిషి 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని కూడా ఆయనే తేల్చారు. ఇంట్లో ఒక్కళ్లం కూర్చుని ఎంత మంచి కామెడీ చూసినా ‘హుఁ’ దగ్గరే ఆగిపోతామంటే మనకేదో అయిందని కాదు.

నెలంతా నిద్ర లేకపోవడం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇప్పటికీ అలాగే ఉంటే డాక్టరుకి చెప్పండి. దానికి కామెడీ మందు కాదు.

మూర్తి గారూ, పదిహేనో రోజు పాయింటు ఒప్పుకుంటున్నా.

ఎడిసన్ ఉమ:

న్యూజెర్సీ నుంచి. మేం ముగ్గురు అక్కచెల్లెళ్లం, మూడు ఊళ్లు. శనివారం మాకు పొద్దున, అమ్మకి రాత్రి. వీడియో కాల్ పెట్టుకుని ఒకేసారి ఒకే పాత సినిమా నొక్కుతాం. ఎప్పుడూ ఒకళ్లది రెండు సెకన్లు ముందుంటుంది, ఆ నవ్వు విని మిగతావాళ్లం ‘ఏయ్, చెప్పకు’ అని అరుస్తాం. సినిమా సగం బుర్రకెక్కదు. అయినా ఆ పూట నాకు మెడనొప్పి ఉండదు. మా ఆయన పక్క గదిలో ఇంతకంటే మంచి ప్రింటులో అదే సినిమా ఒక్కడే చూస్తాడు, మూతి బిగించుకుని.

తెనాలి తమ్ముడు:

అందరికీ థాంక్స్. మూర్తి గారూ, ‘పుండు మానే టైమే’ అన్న మీ మాట నా టెస్టింగ్ బుర్రకి ఎక్కేసింది. అందుకని నిన్న తెనాలిలో ఒక ప్రయోగం చేశాం. ఫిజియో మేడమ్ తిట్టకండి, పొట్ట జోలికి వెళ్లలేదు.

స్టీలు బేసిన్లో నీళ్లు, సందు చివర సోడా కొట్లో 20 రూపాయలకి తెచ్చిన ఐసు. ఎడమ చెయ్యి మణికట్టు దాకా ముంచాలి, ఇక తట్టుకోలేననుకున్నప్పుడు తియ్యాలి. పెద్దోడు స్టాప్‌వాచ్. మధ్యాహ్నం ఏమీ చూడకముందు 51 సెకన్లు. ఆ తర్వాత గదిలో ఒక్కణ్ణే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని 20 నిమిషాలు బిట్లు చూసి ముంచితే 48. రాత్రి హాల్లో అందరితో 20 నిమిషాలు చూసి, దిండు పట్టుకునే నవ్వి, ముంచితే ఒక నిమిషం 37.

మాత్రలమ్మే మూర్తి:

రాత్రి ముంచేటప్పుడు చుట్టూ ఎంతమంది నిలబడ్డారు?

తెనాలి తమ్ముడు:

నలుగురు. చిన్నోడు ‘మావయ్యా, ఇంకో పది, ఇంకో పది’ అని అరుస్తున్నాడు.

మాత్రలమ్మే మూర్తి:

అదీ సంగతి. ఇద్దరు మేనల్లుళ్ల ముందు ఏ మేనమామ చెయ్యి తీస్తాడు? దీన్ని కామెడీ ఖాతాలో వెయ్యడం కుదరదు. పైగా ఏది ఎక్కువ రావాలో నీకు ముందే తెలుసు.

విశాఖ ఫిజియో:

తిడతాను. చెయ్యి తిమ్మిరెక్కేదాకా ఐసులో ఉంచడం ప్రయోగం కాదు, మొండితనం. షుగరున్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు ఇది చూసి బేసిన్లు తీయకండి. తమ్ముడూ, మళ్లీ చేయకండి.

తెనాలి తమ్ముడు:

చేయను మేడమ్. చేసే అవకాశం కూడా లేదు, ప్రయోగం అక్కడే పాడైపోయింది. నేను చెయ్యి తీసి ఊదుకుంటుంటే పెద్దావిడ ‘ఏంట్రా మీ గోల’ అని కర్ర పట్టుకుని వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, మేం ‘వద్దు అత్తయ్యగారూ’ అంటున్నా వినపడక చెయ్యి బేసిన్లో పెట్టేసింది. టీవీ ఆపేసి ఉంది. నవ్వు లేదు, ఏమీ లేదు. పెద్దోడు వాచీ నొక్కాడు. రెండు నిమిషాలు దాటాక అక్కే బలవంతాన చెయ్యి బయటికి లాగి తువ్వాలు చుట్టింది. ఆవిడ నావంక చూసి, ‘ఇందులో ఏవుందబ్బాయ్? నా పెళ్లయిన కొత్తలో పుష్యమాసం తెల్లారుజామున కాలవలో అంట్లు తోమేదాన్ని’ అంది.

మూర్తి గారూ, ఈ రీడింగు ఎక్కడ రాసుకోమంటారు?

మాత్రలమ్మే మూర్తి:

దాన్ని వదిలెయ్. ఆవిడ అలా అన్నాక నువ్వెంతసేపు నవ్వావో చెప్పు.

తెనాలి తమ్ముడు:

వాచీ పెద్దోడి చేతిలో ఉంది, వాడు కింద పడి దొర్లుతున్నాడు. దిండు ఈసారి అక్క దగ్గరుంది.